విశాఖపట్నం: అభివృద్ధి సమస్యలు, విదేశీ సహాయం

విశాఖపట్నం ఆంధ్రప్రదేశ్‌లో బంగాళాఖాతం తీరాన ఉన్న ఓడరేవు నగరం, ఉక్కు నగరం. 1933లో ప్రారంభమైన రేవు, 1941లో పునాది పడిన నౌకానిర్మాణ కేంద్రం, 1957లో నెలకొన్న చమురు శుద్ధి కర్మాగారం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం దీనిని తూర్పు తీరంలోని ప్రధాన పారిశ్రామిక కేంద్రాలలో ఒకటిగా నిలిపాయి. ఈ ఎదుగుదలలో సోవియట్ యూనియన్, జపాన్, బ్రిటన్ దేశాల నుండి, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు వంటి అంతర్జాతీయ సంస్థల నుండి వచ్చిన ఋణాలు, గ్రాంట్లు, సాంకేతిక సహకారం వేర్వేరు దశలలో పాలుపంచుకున్నాయి. అదే కాలంలో భూములు కోల్పోయిన గ్రామాలు, కొండవాలు మురికివాడలు, పారిశ్రామిక కాలుష్యం, తుఫానుల తాకిడి, పక్కనే ఉన్న ఏజెన్సీ (గిరిజన) ప్రాంతపు పేదరికం నగరం ముందు దీర్ఘకాలిక సమస్యలుగా నిలిచాయి. ఈ సమస్యల స్వరూపం, విదేశీ సహాయం చరిత్ర, రకాలు, అది అమలయ్యే విధానం, దాని ఫలితాలు ఈ వ్యాసానికి విషయం.

నిర్వచనం, పరిధి

ఒక దేశ ప్రభుత్వం గాని, అంతర్జాతీయ సంస్థ గాని మరొక దేశ ఆర్థిక, సామాజిక అభివృద్ధి కోసం మార్కెట్ షరతుల కంటె సులభమైన షరతులపై అందించే ధనం, వస్తువులు, సాంకేతిక పరిజ్ఞానాలను స్థూలంగా విదేశీ సహాయం అంటారు. పారిస్ కేంద్రంగా పనిచేసే ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థకు చెందిన అభివృద్ధి సహాయ కమిటీ 1969లో ‘అధికారిక అభివృద్ధి సహాయం’ అనే భావనను రూపొందించింది. దాని ప్రకారం సహాయం ప్రభుత్వ వర్గాల నుండి రావాలి, అభివృద్ధి దాని ముఖ్య లక్ష్యం కావాలి, ఋణమైతే అందులో రాయితీ అంశం ఉండాలి. తిరిగి చెల్లించనవసరం లేని మొత్తాన్ని గ్రాంటు అనీ, తక్కువ వడ్డీతో దీర్ఘకాలంలో తీర్చే అప్పును రాయితీ ఋణమనీ, నిపుణుల సేవలు, శిక్షణ, నమూనాల రూపంలో అందేదానిని సాంకేతిక సహకారమనీ వ్యవహరిస్తారు.

సైనిక సహాయం, ప్రైవేటు పెట్టుబడి ఈ నిర్వచనంలోకి రావు. కాబట్టి విశాఖపట్నం నౌకాదళ డాక్‌యార్డు నిర్మాణానికి సోవియట్ యూనియన్ ఇచ్చిన సహకారం, నగరంలో విదేశీ కంపెనీలు నెలకొల్పిన కర్మాగారాలు ఈ వ్యాసంలో ప్రసంగవశాత్తు మాత్రమే ప్రస్తావనకు వస్తాయి. సోవియట్ యూనియన్ పై కమిటీలో సభ్యదేశం కాకపోయినా, ఉక్కు కర్మాగారానికి అది ఇచ్చిన సహకారం ప్రభుత్వాల మధ్య కుదిరిన అభివృద్ధి ఒప్పందం కనుక ఇక్కడ విదేశీ సహాయంగానే పరిగణించబడింది.

భౌగోళిక, ఆర్థిక స్వరూపం

విశాఖపట్నం నగరపు పాత భాగం ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండల నడుమ పళ్ళెం ఆకారపు పల్లంలో ఉంది. సముద్రం లోపలికి చొచ్చుకువచ్చిన సహజమైన పాయ లోపలి రేవుకు రక్షణ కల్పించింది. ఈ నైసర్గిక స్వరూపమే పరిశ్రమల పొగ, ధూళి త్వరగా చెదరిపోకుండా నిలిచిపోవడానికీ కారణమయింది. నగరానికి దక్షిణాన గాజువాక, పెదగంట్యాడ, పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామిక ప్రాంతాలుగా విస్తరించాయి. పశ్చిమాన, వాయవ్యాన తూర్పు కనుమలలో పాడేరు, అరకు, అనంతగిరి తదితర గిరిజన మండలాలు ఉన్నాయి. పూర్వపు విశాఖపట్నం జిల్లా 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది.

గాజువాక పురపాలక సంఘాన్ని, పరిసర గ్రామాలను కలుపుకొని 2005లో ఏర్పడిన మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో 2011 జనాభా లెక్కల ప్రకారం 17 లక్షలకు పైగా జనాభా ఉంది. అదే లెక్కల ప్రకారం నగర కుటుంబాలలో దాదాపు 44 శాతం మురికివాడలలో నివసిస్తున్నాయి. పది లక్షల జనాభా దాటిన భారతీయ నగరాలలో ఇది అత్యధిక నిష్పత్తి. భారీ పరిశ్రమలు ఇంతగా కేంద్రీకృతమైన నగరంలోనే ఈ నిష్పత్తి ఇంత ఎక్కువగా ఉండటం ఇక్కడి అభివృద్ధి సమస్యకు కేంద్ర బిందువు.

చరిత్ర

రేవు, తొలి పరిశ్రమలు (1933–1970)

మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేసే అవసరం కోసం బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో విశాఖపట్నం రేవు నిర్మాణమయింది. 1933 అక్టోబరులో ‘జలదుర్గ’ నౌక రేవులో ప్రవేశించగా, అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. లోతట్టు ఖనిజాన్ని రైలు ద్వారా తీరానికి చేర్చి విదేశాలకు పంపే ఈ ఏర్పాటు వలస ఆర్థిక వ్యవస్థ లక్షణం. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అధిపతి వాల్‌చంద్ హీరాచంద్ చొరవతో 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణ కేంద్రం ఇందుకు భిన్నంగా స్వదేశీ సంకల్పంతో రూపుదిద్దుకొంది. అక్కడ తయారైన ‘జల ఉష’ నౌకను 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించాడు. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ లిమిటెడ్‌గా మారిన ఈ కేంద్రానికి ఆ దశకంలో ఒక ఫ్రెంచి సంస్థ నుండి సాంకేతిక సహకారం లభించింది.

1957లో అమెరికా కంపెనీ కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారాన్ని, 1967లో అమెరికా సంస్థల భాగస్వామ్యంతో కోరమాండల్ ఎరువుల కర్మాగారం ఉత్పత్తిని ప్రారంభించాయి. ఇవి పెట్టుబడుల కోవకు చెందినవి. 1966లో ఏర్పడిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ సంస్థ మాత్రం చెకొస్లవేకియా సాంకేతిక సహకారంతో నెలకొన్న ప్రభుత్వ రంగ సంస్థ. 2013లో అది భారత్ హెవీ ఎలక్ట్రికల్స్‌లో విలీనమయింది.

ఈ కాలంలో విశాఖ రూపురేఖలను ఎక్కువగా మార్చిన విదేశీ సహకారం జపాన్‌ది. జపాన్ 1958లో భారతదేశానికి ఇచ్చిన యెన్ ఋణం ఆ దేశం ప్రపంచంలో ఏ దేశానికైనా ఇచ్చిన మొదటి అభివృద్ధి ఋణం. బస్తరు ప్రాంతంలోని బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు పరిశ్రమకు సరఫరా చేసే ఒప్పందం 1960లో కుదిరింది. దీని ఫలితంగా తూర్పు కనుమలను సొరంగాలతో ఛేదించుకొని పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, సుమారు 445 కిలోమీటర్ల పొడవున, జపాన్ ఆర్థిక సహకారంతో 1960లలో నిర్మాణమయింది. భారీ ఖనిజ నౌకలకు లోపలి రేవు లోతు చాలనందున 1970లలో వెలుపలి రేవును నిర్మించారు. ఋణదాత అవసరం, ఋణగ్రహీత అవసరం ఒకచోట కలిసిన సహాయానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

ఉక్కు కర్మాగారం, సోవియట్ సహకారం (1966–1992)

‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అనే నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో టి. అమృతరావు నిరాహారదీక్ష చేశాడు, వివిధ ప్రాంతాలలో జరిగిన కాల్పులలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగార స్థాపనను ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేసింది. అయితే నిధుల కొరత వల్ల పనులు ఏళ్ళ తరబడి ముందుకు సాగలేదు.

ఈ స్థితిలో 1979 జూన్ 12న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 34 లక్షల టన్నుల సామర్థ్యం గల సమగ్ర ఉక్కు కర్మాగార నిర్మాణంలో సహకారానికి ఒప్పందం కుదిరింది. ఇనుప ఖనిజం నుండి తుది ఉక్కు వస్తువు దాకా అన్ని దశలూ ఒకే ఆవరణలో జరిగే కర్మాగారాన్ని సమగ్ర కర్మాగారమంటారు. భారతదేశంలో సముద్రతీరాన నిర్మితమైన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం ఇదే. 1982 ఫిబ్రవరి 18న రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ సంస్థ ఏర్పడింది. వ్యయం పెరిగిపోవడంతో 1986లో పథకాన్ని సవరించి సామర్థ్యాన్ని 30 లక్షల టన్నుల ద్రవ ఉక్కుకు పరిమితం చేశారు. 1990లో ‘గోదావరి’ అనే మొదటి బ్లాస్ట్ ఫర్నేసు పనిచేయడం ఆరంభించగా, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశాడు. అప్పటికి సహకరించిన దేశమే ఉనికిలో లేదు. సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో విచ్ఛిన్నమయింది.

బ్రిటిష్ గ్రాంట్లు, పట్టణ పేదరికం (1988–2008)

1980ల చివర విదేశీ సహాయం దృష్టి పరిశ్రమల నుండి పేదల నివాసాల వైపు మళ్ళింది. హైదరాబాదులో జరిగిన మురికివాడల అభివృద్ధి పథకం అనుభవం ఆధారంగా, బ్రిటన్ ప్రభుత్వ విదేశీ అభివృద్ధి విభాగం 1988 నుండి 1996 వరకు విశాఖపట్నం మురికివాడల అభివృద్ధి పథకానికి గ్రాంటు ఇచ్చింది. నగరపాలక సంస్థలోని పట్టణ సామాజికాభివృద్ధి విభాగం ద్వారా అమలైన ఈ పథకంలో కుళాయిలు, మురుగు కాల్వలు, సిమెంటు బాటలు, వీధిదీపాలతోపాటు బాల్వాడీలు, ప్రాథమిక ఆరోగ్య సేవలు, వయోజన విద్య, కమ్యూనిటీ హాళ్ళు ఒకే ప్రణాళికలో భాగాలయ్యాయి. ఇళ్ళను తొలగించి ప్రజలను వేరేచోటికి తరలించడానికి బదులు, ఉన్నచోటనే సౌకర్యాలు కల్పించడం దీని మూలసూత్రం.

1997లో విదేశీ అభివృద్ధి విభాగం స్థానంలో ఏర్పడిన బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ 2000 నుండి 2008 వరకు ఆంధ్రప్రదేశ్ పట్టణ పేదల సేవల పథకానికి నిధులిచ్చింది. దాని కింద రాష్ట్రంలోని పెద్ద పట్టణాలు పేదరిక నిర్మూలన కార్యాచరణ ప్రణాళికలను సొంతంగా తయారుచేసుకొని, వాటి ఆధారంగా నిధులు పొందాయి. పురపాలక సంఘాల ఆదాయ సేకరణ, లెక్కల నిర్వహణ మెరుగుపరచడం కూడ ఇందులో భాగం. 2012లో చేసిన ప్రకటన ప్రకారం 2015 చివరికి బ్రిటన్ భారతదేశానికి సంప్రదాయ గ్రాంట్లను నిలిపివేసింది.

అంతర్జాతీయ సంస్థల ఋణాలు (1990 తరువాత)

1990 మే నెలలోను, 1996 నవంబరులోను కోస్తాను తాకిన తుఫానుల తరువాత ప్రపంచ బ్యాంకు పునర్నిర్మాణ ఋణాలు ఇచ్చింది. 1998లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పథకానికి 54 కోట్ల డాలర్లకు పైగా ఆమోదించింది. విద్య, ఆరోగ్యం, రహదారులు, నీటిపారుదల వంటి పలు రంగాలను ఒక రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఒకే ప్యాకేజీలో చేపట్టిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. పరవాడ వద్ద జాతీయ తాప విద్యుత్ సంస్థ నెలకొల్పిన సింహాద్రి కేంద్రానికి, దాని విద్యుత్ ప్రసార వ్యవస్థకు జపాన్ యెన్ ఋణాలు లభించాయి. 2002లో ఉత్పత్తి ఆరంభించిన ఈ కేంద్రం రెండు దశలలో 2,000 మెగావాట్ల స్థాపిత సామర్థ్యానికి చేరింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్దనే తీరం దాటింది. గంటకు 185 కిలోమీటర్ల దాకా వీచిన గాలులకు విద్యుత్ స్తంభాలు, చెట్లు, విమానాశ్రయం, తీర రహదారి తీవ్రంగా దెబ్బతిన్నాయి. 2015లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ పథకానికి 25 కోట్ల డాలర్ల ఋణాన్ని ఆమోదించింది. నగరంలో విద్యుత్ తీగలను భూగర్భ కేబుళ్ళుగా మార్చడం, గ్రామీణ రహదారులను బాగుచేయడం, తీరరక్షక వనాలను పునరుద్ధరించడం ఇందులోని ముఖ్యాంశాలు.

2016 సెప్టెంబరులో ఆసియా అభివృద్ధి బ్యాంకు విశాఖపట్నం–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు 63.1 కోట్ల డాలర్లు ఆమోదించింది. పరిశ్రమలను ఒక రవాణా మార్గం వెంబడి గుదిగుచ్చి, వాటికి నీరు, విద్యుత్తు, రహదారులు, రేవులు ఏకకాలంలో అందించే ప్రణాళికను పారిశ్రామిక కారిడార్ అంటారు. పై మొత్తంలో 50 కోట్లు మౌలిక వసతుల ఋణం, 12.5 కోట్లు విధాన సంస్కరణలకు ముడిపెట్టిన ఋణం, కొద్ది భాగం గ్రాంటు. నిరంతర నీటి సరఫరా వంటి నగర పనులు కూడ మౌలిక వసతుల భాగంలో ఉన్నాయి. 2023లో మరో 14.1 కోట్ల డాలర్ల విడతపై సంతకాలు జరిగాయి. అనకాపల్లి జిల్లాలోని రాంబిల్లి పారిశ్రామిక వాడ ఈ విడత పరిధిలోకి వచ్చింది. ఫ్రెంచి అభివృద్ధి సంస్థ, యూరోపియన్ యూనియన్ తోడ్పాటుతో సాగిన నగరాభివృద్ధి కార్యక్రమానికి ఎంపికైన 12 భారతీయ నగరాలలో విశాఖపట్నం ఒకటి. ఇక్కడ ఆ నిధులను నగరపాలక పాఠశాలల ఆధునికీకరణకు వినియోగించారు.

సహాయం రకాలు

విశాఖపట్నం అనుభవంలో నాలుగు రకాలు కనిపిస్తాయి. మొదటిది పరిశ్రమ స్థాపనకు యంత్రాలు, నమూనాలు, నిపుణులతో కూడిన సహకారం. ఉక్కు కర్మాగారం, భారీ ప్లేట్ల కర్మాగారం ఇందుకు ఉదాహరణలు. రెండవది రైలు మార్గం, విద్యుత్ కేంద్రం వంటి మౌలిక వసతులకు దీర్ఘకాల ఋణం. మూడవది పేదల నివాస ప్రాంతాలకు, సామాజిక సేవలకు గ్రాంటు. నాలుగవది విపత్తు తరువాతి పునర్నిర్మాణ ఋణం. కాలక్రమంలో మొదటి రకం అంతరించగా, మూడవది క్షీణించింది, రెండవది, నాలుగవది కొనసాగుతున్నాయి.

దాతలను బట్టి చూస్తే ఒక దేశం నుండి నేరుగా వచ్చేదానిని ద్వైపాక్షిక సహాయమనీ, అనేక దేశాల సభ్యత్వం గల సంస్థ నుండి వచ్చేదానిని బహుపాక్షిక సహాయమనీ అంటారు. సహాయం ఇచ్చిన దేశం నుండే వస్తువులు కొనాలన్న నిబంధన ఉంటే అది ముడిపెట్టిన సహాయం. ప్రపంచ బ్యాంకు కూటమిలోని అంతర్జాతీయ అభివృద్ధి సంఘం పేద దేశాలకు అతి తక్కువ వడ్డీతో ఋణాలిస్తుంది. తలసరి ఆదాయం పెరగడంతో భారతదేశం 2014లో ఈ సంఘం సాధారణ అర్హత పరిధిని దాటింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలు పరివర్తన కాలపు తోడ్పాటు లభించింది.

అమలు విధానం

భారత రాజ్యాంగ వ్యవస్థలో రాష్ట్రాలు, నగరపాలక సంస్థలు విదేశాల నుండి నేరుగా అప్పు తీసుకోవు. రాష్ట్రం ప్రతిపాదించిన పథకాన్ని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖలోని ఆర్థిక వ్యవహారాల విభాగం పరిశీలించి విదేశీ సంస్థకు పంపుతుంది. ఋణ ఒప్పందంపై కేంద్రం సంతకం చేస్తుంది, అమలు బాధ్యతను తెలిపే పథక ఒప్పందంపై రాష్ట్రం గాని, సంబంధిత సంస్థ గాని సంతకం చేస్తుంది. సాధారణంగా పనికి ముందుగా స్థానిక నిధులు ఖర్చుచేసి, లెక్కలు సమర్పించాక విదేశీ సంస్థ ఆ మొత్తాన్ని చెల్లిస్తుంది.

2005 వరకు ఇలా వచ్చిన ఋణాన్ని కేంద్రం సాధారణ రాష్ట్రాలకు 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా, రూపాయలలో బదిలీ చేసేది. పన్నెండవ ఆర్థిక సంఘం సిఫారసుల మేరకు 2005 ఏప్రిల్ నుండి విదేశీ సంస్థ షరతులనే యథాతథంగా రాష్ట్రానికి వర్తింపజేసే పద్ధతి వచ్చింది. దీనివల్ల తక్కువ వడ్డీ లాభం రాష్ట్రానికి దక్కుతుంది కాని, రూపాయి విలువ పడిపోతే పెరిగే భారం కూడ రాష్ట్రమే మోయాలి. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదాకు బదులుగా 2016 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించిన ప్రత్యేక సహాయంలో, విదేశీ ఋణ పథకాల మొత్తంలో 90 శాతం భారాన్ని కేంద్రమే భరించే ఏర్పాటు ప్రధానాంశం.

సోవియట్ పద్ధతి దీనికి భిన్నమైనది. ఆ దేశపు ఋణాలను డాలర్లలో కాక రూపాయలలో లెక్కగట్టి, తేయాకు, తోలు, వస్త్రాల వంటి భారతీయ ఎగుమతుల ద్వారా తీర్చేవారు. విదేశీ మారకం కొరవడిన కాలంలో ఇది భారతదేశానికి పెద్ద వెసులుబాటు. సోవియట్ విచ్ఛిన్నం తరువాత మిగిలిన బాకీ విలువపై తలెత్తిన వివాదాన్ని 1993 జనవరిలో భారత్, రష్యాలు పరిష్కరించుకున్నాయి. ఆ ఒప్పందం ప్రకారం బాకీలో కొంత భాగాన్ని 45 సంవత్సరాలలో వడ్డీ లేకుండా తీర్చే వీలు కలిగింది.

అభివృద్ధి సమస్యలు

భూసేకరణ, నిర్వాసితులు

ఉక్కు కర్మాగారం, దాని టౌన్‌షిప్ కోసం 60కి పైగా గ్రామాల నుండి 20 వేల ఎకరాలకు మించి భూమిని సేకరించారు. ఇళ్ళు కోల్పోయిన కుటుంబాలకు గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి ప్రాంతాలలో పునరావాస కాలనీలు ఏర్పడ్డాయి. నిర్వాసిత కుటుంబాలకు ఇచ్చిన గుర్తింపు పత్రాలను ‘ఆర్‌-కార్డు’లని వ్యవహరిస్తారు. ఆ కార్డు ఉన్నా ఉద్యోగం రాని వారి సమస్య దశాబ్దాల తరువాత కూడ తీరలేదు. 1979 నాటి సహకార ఒప్పందం యంత్రాలకు, నిర్మాణానికి సంబంధించినది. పునరావాస బాధ్యత పూర్తిగా దేశీయ ప్రభుత్వాలదే. ఉక్కు భూములలో కొంత భాగాన్ని కలుపుకొని నిర్మించిన గంగవరం రేవు వల్ల గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు జీవనాధారమైన తీరాన్ని కోల్పోయారు.

ఉపాధి, నివాసం

ఉక్కు, చమురు, ఎరువుల పరిశ్రమలు పెట్టుబడి ప్రధానమైనవి. అంటే వాటిలో పెట్టిన డబ్బుతో పోలిస్తే లభించే ఉద్యోగాలు తక్కువ. నిర్మాణ దశలో ఉత్తర కోస్తా జిల్లాల నుండి, ఒడిశా నుండి వేలాదిగా వచ్చిన కూలీలలో చాలామందికి, పని ముగిశాక స్థిరమైన ఉపాధి దొరకలేదు. నగరంలో చదునైన భూమి రేవుకు, నౌకాదళానికి, రైల్వేకు, పరిశ్రమలకు పోగా, పేదలు కొండవాలులపైన, గెడ్డల (వాగుల) ఒడ్డున ఇళ్ళు వేసుకున్నారు. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడటం, గెడ్డలు పొంగడం ఈ నివాసాలకు ఏటా ఎదురయ్యే ముప్పు.

నీటి సరఫరా

ముడసర్లోవ, గోస్తని నదిపై తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, రైవాడ జలాశయాలు నగరానికి నీరందించే స్థానిక వనరులు. ఇవి చాలనందున 153 కిలోమీటర్ల ఏలేరు ఎడమ కాలువ ద్వారా దూరప్రాంతపు నీటిని ఉక్కు కర్మాగారానికి, నగరానికి తరలిస్తున్నారు. వర్షాలు తగ్గిన సంవత్సరాలలో సాగుకు, పరిశ్రమలకు, తాగునీటికి మధ్య పోటీ తప్పదు.

కాలుష్యం, ప్రమాదాలు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో చేసిన అంచనాలో విశాఖపట్నం తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో చేరింది. గాలిలో ధూళి ప్రమాణాలను అందుకోలేని నగరంగా జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలోనూ ఉంది. రేవులో బొగ్గు, ఖనిజాల ఎగుమతి దిగుమతుల వల్ల లేచే ధూళి పాతనగర వాసులకు పాత సమస్య. 1997 సెప్టెంబరు 14న చమురు శుద్ధి కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో 50 మందికి పైగా మరణించారు. 2020 మే 7న దక్షిణ కొరియా యాజమాన్యంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురం, పరిసర గ్రామాలలో 12 మంది ప్రాణాలు కోల్పోయారు. పరిశ్రమల మధ్యనే జనావాసాలు పెరగడం ఇటువంటి ప్రమాదాల తీవ్రతను పెంచుతుంది.

ఏజెన్సీ ప్రాంతం

నగరానికి వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్న గిరిజన మండలాలలో రహదారులు, వైద్యం, విద్య వెనుకబడి ఉన్నాయి. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఈ ప్రాంతపు ప్రధాన ప్రభుత్వ వ్యవస్థ. రోమ్ కేంద్రంగా గల అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి 1990లలో ఉత్తర కోస్తా గిరిజన ప్రాంతాలలో భూసంరక్షణ, తోటల పెంపకం, ధాన్యపు నిధులు వంటి పనులకు ఋణమిచ్చింది. 2003లో మొదలైన ప్రపంచ బ్యాంకు గ్రామీణ పేదరిక నిర్మూలన పథకం, ‘వెలుగు’ పేరుతో, మహిళా స్వయంసహాయక సంఘాలను విశాఖ జిల్లాకూ విస్తరింపజేసింది. మరోవైపు గిరిజన భూములలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని, అనంతగిరి మండలపు గనులకు సంబంధించిన ‘సమత’ కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బాక్సైట్ తవ్వకాలపై ఆ తరువాత సాగిన వివాదాలకు ఈ తీర్పే ప్రాతిపదిక.

ఫలితాలు, విమర్శలు

విదేశీ సహాయం విశాఖపట్నానికి దేశంలో అప్పటికి అందుబాటులో లేని సాంకేతికతను, విదేశీ మారకాన్ని, దీర్ఘకాల పెట్టుబడిని సమకూర్చింది. కొత్తవలస–కిరండూల్ మార్గం, ఉక్కు కర్మాగారం, సింహాద్రి విద్యుత్ కేంద్రం దశాబ్దాలుగా పనిచేస్తుండటం ఇందుకు నిదర్శనం. మురికివాడల పథకం స్వల్ప వ్యయంతో నీరు, బాటలు, మురుగు కాల్వలు కల్పించి పేదల నిత్యజీవితాన్ని మెరుగుపరచింది. తుఫాను తరువాత వేసిన భూగర్భ విద్యుత్ కేబుళ్ళు పాతదానిని తిరిగి నిలబెట్టడమే కాక, తదుపరి విపత్తును తట్టుకొనే నిర్మాణానికి ఉదాహరణ.

విమర్శలు ప్రధానంగా మూడు. విదేశీ సహాయంతో వచ్చిన పరిశ్రమల లాభం భూములిచ్చిన గ్రామాలకు సరిగా చేరలేదన్నది మొదటిది. గ్రాంటు గడువు ముగిసిన తరువాత కమ్యూనిటీ హాళ్ళు, కాల్వల నిర్వహణకు నగరపాలక సంస్థ తగిన నిధులు కేటాయించకపోతే సౌకర్యాలు శిథిలమవుతాయన్నది రెండవది. సంస్కరణలకు ముడిపెట్టిన ఋణాలు ప్రజాప్రతినిధుల నిర్ణయాధికారాన్ని కుదిస్తాయన్నది మూడవది. 2000లో విద్యుత్ చార్జీల పెంపుపై రాష్ట్రంలో జరిగిన ఆందోళనలలో ఈ మూడవ విమర్శ బలంగా వినిపించింది. నష్టాలలో ఉన్న వ్యవస్థలు సంస్కరణ లేకుండా మనుగడ సాగించలేవని ఆ ఋణాల సమర్థకులు వాదించారు.

విస్తృత సందర్భం: పశ్చిమ ఆఫ్రికాతో పోలిక

విశాఖ అనుభవం విశిష్టతను గ్రహించడానికి పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాతో పోలిక ఉపకరిస్తుంది. ఆ దేశంలో నింబా ఇనుప గనుల నుండి బుకానన్ రేవు దాకా స్వీడిష్, అమెరికన్ భాగస్వామ్యంతో నిర్మించిన రైలు మార్గం 1963లో ఖనిజ ఎగుమతి ప్రారంభించింది. బైలదిలా–విశాఖ మార్గానికి ఇది సమకాలీనం, లక్ష్యమూ ఒకటే. కాని లైబీరియాలో ఆ ఖనిజంపై ఆధారపడిన ఉక్కు పరిశ్రమ నెలకొనలేదు. 1989లో మొదలైన అంతర్యుద్ధంతో ఎగుమతి స్తంభించి, 2011లో గాని పునఃప్రారంభం కాలేదు. అధిక ఋణభార పేద దేశాల పథకం కింద 2010లో ఆ దేశపు విదేశీ అప్పులు చాలావరకు రద్దయ్యాయి. 2014–15లో ఎబోలా వ్యాధి వైద్య వ్యవస్థను మళ్ళీ కుదిపివేసింది.

లైబీరియా, సియెర్రా లియోన్ వంటి దేశాలలో విదేశీ సహాయం జాతీయాదాయంలో పెద్ద వాటా కాగా, భారతదేశంలో 1990ల నుండి అది ఒక శాతానికి లోపే ఉంది. అందువల్ల భారతదేశం సహాయాన్ని తన ప్రణాళికలకు అనుబంధంగా వాడుకోగలిగింది, ఇష్టంలేని షరతులను తిరస్కరించగలిగింది. 1964లో మొదలైన సాంకేతిక, ఆర్థిక సహకార కార్యక్రమం ద్వారా భారతదేశం ఇతర దేశాల ఉద్యోగులకు శిక్షణ ఇస్తోంది. 2004లో పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని ఎనిమిది దేశాలతో కుదుర్చుకున్న ‘టీమ్–9’ ఏర్పాటు కింద 50 కోట్ల డాలర్ల ఋణ సదుపాయాన్ని ప్రకటించింది. ఒకప్పటి గ్రహీత ఈ విధంగా దాత కూడ అయింది.

ప్రస్తుత స్థితి

ఉక్కు కర్మాగారం సామర్థ్యం విస్తరణల తరువాత ఏటా 73 లక్షల టన్నులకు చేరింది. సొంత ఇనుప గనులు లేకపోవడం వల్ల ముడిసరుకు ఖర్చు, విస్తరణకు చేసిన అప్పులపై వడ్డీ భారమై సంస్థ నష్టాలపాలయింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలపగా, కార్మికులు, ప్రజాసంఘాలు దీర్ఘకాల ఆందోళన సాగించాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఈ ప్యాకేజీలో విదేశీ సహాయం లేదు.

విశాఖపట్నం చరిత్రలో విదేశీ సహాయం నిర్మాణాలను సాధ్యం చేసింది. ఆ నిర్మాణాల ఫలితం ఎవరికి ఎంత చేరాలన్నది మాత్రం భూసేకరణ, పునరావాసం, పురపాలక నిధులు, కాలుష్య నియంత్రణలపై దేశీయ ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాలను బట్టి తేలింది. ప్రస్తుతం నగరానికి అందుతున్న విదేశీ ధనంలో గ్రాంట్లు స్వల్పం. అధికభాగం రాష్ట్రమో, కేంద్రమో తిరిగి తీర్చవలసిన ఋణమే.